నగారా మోగని వీధి

నాకు అన్నిటికంటే పెద్ద భయం నా పిల్ల ఊపిరి. నేను ఇటు తిరిగిన క్షణంలో అది ఆగిపోతుందేమోనని. మంత్రి విరూపకేతుడి మంత్రదండమూ, అతని ఇనుప గద్ద గోళ్ళూ, కోట ముందు పాతిన కొరత వేసే మేకూ, అన్నీ దాని తర్వాతే. వెన్నెల పుట్టి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలలూ నేను పొయ్యి దగ్గరున్నా, కుండలు ఆరబెడుతున్నా, మాటిమాటికీ ఉయ్యాల దగ్గరికి పరిగెత్తి దాని ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేదాన్ని. వెచ్చగా తగిలితే మళ్ళీ పనిలోకి. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ.

ఇవాళ పొద్దున వేలికి తగిలిన ఊపిరి వెచ్చగా లేదు. కాలింది.

మణిసాలపురాన్ని మీరు చూసి ఉండకపోతే చెబుతాను. ఏడు కోటగోడల నడుమ ఏడు రంగుల పాలరాళ్ళతో కట్టిన మహానగరం అది. సూర్యుడి మొదటి కిరణం రాజప్రాసాదం మీది బంగారు కలశానికి తగిలి, అక్కడినించి ముత్యాల తోరణాలకూ, తోరణాలనించి పచ్చల గవాక్షాలకూ దూకుతూ పోతుంది. నీలవాహిని నది తూర్పు ద్వారంలో ప్రవేశించి, రాణివాసపు జలయంత్రాల్లో హంసలతో ఆడుకుని, తామరకొలనుల్లో పరిమళం అద్దుకుని, మందగమనంతో దిగువకు సాగిపోతుంది. కవులు ఇక్కడితో ఆపేస్తారు. ఆ దిగువన ఉన్నది మేము. ఏనుగుల శాలనూ, తోళ్ళు నానబెట్టే మడుగులనూ కడుక్కుని మా కుమ్మరి వీధి రేవుకు చేరేసరికి ఆ నది రంగు నీలం కాదు.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. తెచ్చిన కుండను కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు మొగవాళ్ళకు పోస్తాం. అడుగున మిగిలినవి ఆడవాళ్ళకీ, పసిపిల్లలకీ. మట్టి తొక్కేది మేమే, నీళ్ళు మోసేది మేమే, అడుగు తాగేదీ మేమే. అందుకే వరదల కాలంలో అడుగునీళ్ళ జ్వరం వస్తే ముందు పడేది మేమే.

జ్వరానికి మందు లేక కాదు. కోటలో వైద్యశాల ఉంది, మందుల బండ్లు తొమ్మిది ఉన్నాయి. కానీ బండి కదలాలంటే నగారా మోగాలి. ఏ వీధిలోనైనా మొగవాడు చనిపోతే గగనబురుజు మీది నగారా ఒక్కసారి మోగిస్తారు, ఆ వీధి పేరు పిలుస్తారు. వెంటనే మందుల బండి, మంచినీళ్ళ బానలు ఆ వీధికి వెళతాయి. ఆడవాళ్ళు పోతే మోగించరు. పసివాళ్ళు పోతే మోగించరు. నగారా వీరుల కోసం పుట్టింది కాబట్టి వంటింట్లో చచ్చేవాళ్ళకు మోగితే దానికి మైల అంటారు.

మా రాజు ధర్మశేఖరుడు చెడ్డవాడు కాదు. బంగారు ఉయ్యాలలో కూర్చుని, నగారా మోగిన ప్రతిసారీ పళ్ళెంలో ఒక తెల్లపువ్వు వేసుకుని కళ్ళు తుడుచుకుంటాడు. అంతే ఆయనకు తెలిసిన రాజ్యం. ఏడాది పొడుగునా యాభై మోతలు దాటకుండా ప్రజల్ని కాపాడితే సగం రాజ్యం ఇస్తానని విరూపకేతుడికి మాటిచ్చాడు. ఆ ఏడాది రేపటి సూర్యోదయంతో నిండుతుంది. నిన్నటికి పళ్ళెంలో పువ్వులు నలభైఏడు.

వెన్నెలను ఎత్తుకుని వైద్యశాల వాకిటికి పరిగెత్తాను. అక్కడ ఈటె పట్టుకుని నిలబడ్డ కాపలావాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ వీధే?"

"కుమ్మరి వీధి అన్నా. పిల్లకి జ్వరం. ఒక్క గుక్క మందు..."

"మీ వీధిలో నగారా మోగిందా?"

"లేదు."

"మోగలేదంటే మీ వీధిలో జబ్బు లేదన్నమాట. ఫో."

సరిగ్గా అప్పుడే వెన్నెల గుక్కపట్టి ఏడ్చింది. "మరి ఈ ఏడుపు ఎవరిదన్నా?" అన్నాను.

"ఆ లెక్క నాది కాదు. నీ మొగుణ్ణి పంపించు."

"ఆయన సరిహద్దు ఎల్లకోటలో కాపలా ఉన్నాడు. రాజుగారి ఎల్లే కదా అది!"

వాడు ఈటెతో నేలమీద కొట్టాడు. ఆ చెయ్యి వణికింది. చూస్తే పళ్ళు టకటకలాడుతున్నాయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నీకూ వచ్చిందిగా! మీ ఇంట్లో ముందు ఎవరు పడ్డారు?"

వాడు ఈటెకు ఒరిగి నిలబడ్డాడు. "పోయిన వారం మా ఆడది పోయింది. చివరిదాకా అదే వండి పెట్టింది నాకు. ఫోవే, నీకు దండం పెడతాను, ఫో," అన్నాడు.

చూశారా? మమ్మల్ని వదిలేస్తే జ్వరం మా దగ్గరే ఆగిపోతుందనుకున్నారు. అది మా చేతిముద్దలోంచి నడిచి కోట వాకిట్లోకి వచ్చి నిలబడింది.

వీధికి తిరిగొచ్చేసరికి మంత్రసాని ఓబులమ్మత్త మా అరుగు మీద కూర్చుని ఉంది. దిగువ పట్నం నలభై వీధుల్లో సగంమంది పుట్టింది ఆ చేతుల్లోనే. అత్తకు రాయడం రాదు. అందుకని ఒక పురితాడు పెట్టుకుంది. మంత్రసానులంతా వచ్చి కబురు చెబుతారు. ఈ ఏడు జ్వరంతో పోయిన ప్రతి ఆడమనిషికీ, ప్రతి పసిబిడ్డకీ ఆ తాడులో ఒక ముడి, ముడిలో వాళ్ళ చీర పేలికో, పొత్తిగుడ్డ పేలికో. వీధికీ వీధికీ మధ్య ఒక గవ్వ. బెత్తెడుకో ముడి చొప్పున అది పెరిగి పెరిగి మా అరుగు మీది దూలానికి చుట్ట చుట్టి వేలాడేది.

"ఎన్నయ్యాయత్తా?"

"మూడువందల పదకొండు. చివర మన వీధిది. ఆఖర్న జానెడు తాడు ఖాళీగా ఉంది." అత్త వెన్నెల నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ జానెడు తాడు వంక ఇద్దరమూ చూశాం. ఇద్దరమూ చూడనట్టు నటించాం.

"నగారా మోగితే బండొస్తుంది. అంతేగా?" అన్నాను.

"అంతే. అయితే మోగించేదెవరు?"

"నేను."

అత్త నవ్వుతుందనుకున్నాను. లేచి లోపలికి వెళ్ళి మా ఆయన పాత పంచె, తలపాగా తెచ్చింది. నగారా తోలు వానలకు వదులవుతుంది, దాన్ని బిగించే పనివాళ్ళు తాళ్ళు భుజాన వేసుకుని, కొక్కెం మొలకు తగిలించుకుని వచ్చిపోతుంటారు. ఆ వేషమే కట్టాం. పాలు కారకుండా రొమ్ముకు గుడ్డ బిగించి చుట్టింది అత్త. మేకవెంట్రుకలకు జిగురు రాసి పెదవి మీద అంటించి, దూరం జరిగి చూసింది.

"మీసం కొంచెం వంకరొచ్చిందే పిల్లా."

"ఇప్పుడెలా అత్తా?"

"ఏం కాదులే. మీ ఆయనదీ అంతేగా."

వెన్నెలకు కడుపునిండా పాలిచ్చి అత్త ఒళ్ళో పడుకోబెట్టాను. ముక్కు కింద వేలు పెట్టి చూశాను. రెండడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ చూశాను. "ఊపిరి నేను చూస్తానులే, నువ్వు నగారా చూడు," అని కసిరింది అత్త. ముడుల తాడు భుజాన వేసుకుని, సంచిలో గుప్పెడు తడి బంకమట్టి వేసుకుని బయలుదేరాను.

గగనబురుజు ఎనిమిది నిలువుల ఎత్తు. అడుగున నల్లరాతి ఏనుగులు, నడుమ పగడపు తీగలు, శిఖరాన మేఘాలను మీటుతున్నట్టు వెండి తొండాలు. చుట్టూ పూలతోట, ఆ తోటలో దారికి అటు ఆరు ఇటు ఆరు సాలభంజికలు. అద్దంలాంటి చెక్కిళ్ళు, అరమోడ్పు కన్నులు, నడుముకు నవరత్నాల మొలనూళ్ళు. ఎంత అందమో అంత విషం. ఎవరైనా నడిచివెళితే అవి పసిపిల్లల గొంతుతో ఏడుస్తాయి. ఆ ఏడుపుకు తలతిప్పిన వాళ్ళు అక్కడికక్కడే శిలైపోతారు. ఆడవాళ్ళు బురుజు ఎక్కకుండా విరూపకేతుడు పన్నిన పన్నాగం అది. మొగవాళ్ళకు ఏ ప్రమాదమూ లేదు. పిల్ల ఏడిస్తే తలతిప్పే అలవాటు వాళ్ళకెక్కడిది?

మొదటి బొమ్మ ఏడ్చింది. పళ్ళు బిగించి నడిచాను. రెండోది, మూడోది. ఏడో బొమ్మ దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. అది వెన్నెల గొంతు! అదే జీర, అదే 'ఙ్గా' అనే సాగతీత. నా మెడ దానంతట అదే తిరగబోయింది.

అప్పుడు తట్టింది. ఏ పిల్లైనా ఏడ్చి ఏడ్చి ఒకచోట ఊపిరి కోసం ఆగుతుంది. ఆ ఆగే చోటే రోజూ నా ప్రాణం పోయి వస్తుంటుంది. ఈ బొమ్మ ఆగడం లేదు. దీనికి ఊపిరే లేదు!

"ఏడువే ఏడువు, రాతిముండా," అని ముందుకు నడిచాను.

నా మనసుకు తెలిసింది గానీ నా రొమ్ముకు తెలియలేదు. గుడ్డంతా తడిసింది. లోపలి ద్వారం దగ్గర బొజ్జ భటుడొకడు అడ్డొచ్చాడు.

"ఎవుడ్రా?"

"నగారా తోలు బిగించేవాణ్ణన్నా."

"గొంతేంట్రా అలా ఉంది?"

"జలుబన్నా."

"ఆ తడేంటి?"

"మజ్జిగ ముంత ఒలికింది."

వాడు ముక్కు ఎగబీల్చాడు. "పాలవాసన కొడుతోందే!"

"మజ్జిగ ఆకాశంలోంచి ఊడిపడుద్దా అన్నా? పాలనించేగా వచ్చేది!"

వాడు పకపకా నవ్వి దారి ఇచ్చాడు. బురుజు కొన మీద కూర్చున్న ఇనుప గద్ద మాత్రం నవ్వలేదు. కెంపుల కళ్ళు రెండూ గిర్రున తిప్పి, రెక్కలు కిరకిరలాడిస్తూ బాణంలా దిగింది. తలవంచేలోపల తలపాగా ఎగిరిపోయింది. జడ వీపు మీద పడింది. మీసం ఒకవైపు ఊడి వేలాడింది.

"ఆడది! ఆడది!" అని అరిచాడు బొజ్జ భటుడు, పులి వచ్చిందన్నట్టు. మెట్లదారి ముందు ఈటెలు అడ్డంగా పడ్డాయి.

మెట్లు వాళ్ళవైతే గోడ నాది. బురుజు వెనక్కి పరిగెత్తి, తాడు కొసకు నా మొలకున్న కొక్కెం తగిలించి, గిరగిరా తిప్పి విసిరాను. మొదటిసారి జారింది. రెండోసారి వెండి తొండానికి పట్టుకుంది. ఎక్కాను. ప్రతి ముడి నా కాలి వేళ్ళకు మెట్టులా దొరికింది. చాకలి వీధి, మేదరి వీధి, జాలరి వీధి. పోయినవాళ్ళంతా అడుగున నిలబడి నన్ను పైకి తోస్తున్నట్టే ఉంది.

సగంలో గద్ద మళ్ళీ వచ్చింది. గోరు భుజంలో దిగింది. ఒంటిచేత్తో వేలాడుతూ సంచిలోంచి బంకమట్టి తీసి దాని కంటికేసి కొట్టాను. పుట్టినప్పటినించీ మట్టి విసిరిన చెయ్యి ఇది, గురి తప్పుతుందా? తడిమట్టి రెండు కళ్ళ మీదా పేడకడిలా పరుచుకుంది. గుడ్డి గద్ద సుడులు తిరిగి, గోడకు ఢీకొని, కిందనున్న ఏడో బొమ్మ నెత్తిన పడింది. బొమ్మ ఏడుపు ఆగింది.

పైకి చేరి తాడు లాగేసుకున్నాను.

బురుజు మీద నగారా చిన్న చెరువంత ఉంది. దాని పక్కన పండుగడ్డం ముసలాయన, నగారా బసవయ్య, రెండు చేతుల్లో రెండు కొయ్యలతో నిలబడి నన్ను చూశాడు.

"ఏ వీధి? ఏ మొగాడు?" అన్నాడు అలవాటుగా.

"మొగాడు కాదు తాతా. మూడువందల పదకొండుమంది ఆడవాళ్ళూ పిల్లలూ."

"వాళ్ళకి మోగించకూడదమ్మా. దిగిపో."

"ఎందుకని?"

"ఎందుకంటే... మోగించకూడదు."

కింద మెట్ల మీద అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. తాడు ఆయన ముందు పరిచాను. ముడులూ, పేలికలూ, గవ్వలూ. ఆయన చూపు జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగింది. నెమలికంఠం రంగు పేలిక, చిన్న జరీ పోగు.

"ఇది నా ఇల్లాలు నాంచారిది. దాని పెళ్ళిచీర." అన్నాడు. "శ్రావణంలో పోయింది. ఇక్కడే నిలబడ్డాను, ఈ కొయ్యలు చేతిలోనే ఉన్నాయి. ఒక్క దెబ్బ, ఒక్కటంటే ఒక్కటి కొట్టలేకపోయాను."

ఆయన వెళ్ళి మెట్ల మీది ఇనుప తలుపు దించి, గడియ వేసి, దాని మీద నగారా పీఠపు బండ దొర్లించాడు. తిరిగొచ్చి ఒక కొయ్య నా చేతిలో పెట్టాడు.

"నువ్వు మొదలుపెట్టు. ఆ ముడి దగ్గర మాత్రం నేను."

కొట్టాను. "చాకలి వీధీ!" అని అరిచాను. నలభైఎనిమిది. మళ్ళీ కొట్టాను. నలభైతొమ్మిది. యాభై. చెయ్యి ఆగలేదు. యాభైఒకటో మోతకు రాజప్రాసాదం కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నూరు దాటేసరికి పట్నమంతా వీధుల్లో ఉంది. నెమలికంఠం పేలిక దగ్గర బసవయ్య తాత కొట్టిన దెబ్బకు బురుజు గూళ్ళలోని పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. రెండువందలకు రాజు పాదరక్షలు లేకుండా మేడ మీదికి వచ్చాడు. చేతిలో పళ్ళెం, నేలనిండా పువ్వులు.

"ఎవరు పోయారు? నా సైన్యం ఏమైంది? యుద్ధమా?" అని ఆయన గొంతు కొమ్ముబూరలో వినిపించింది.

"సైన్యం కాదు మహారాజా! సైన్యాన్ని కన్నవాళ్ళు! మీరు పువ్వు వెయ్యనివాళ్ళు!" అని అరిచాను. "అడుగునీళ్ళు తాగినవాళ్ళు! ఒక్కొక్కరి వీధి పేరూ పిలుస్తాను, వినండి!"

రాజు విన్నాడు. నిలబడి, ఆఖరి ముడి దాకా విన్నాడు. "బండ్లు కదిలించండి! తొమ్మిదీ!" అన్నాడు. కూడలిలో ఎద్దుల గంటలు గణగణమన్నాయి.

అప్పుడు లేచింది పొగ. విరూపకేతుడు మంత్రదండం నేలకు తాటించగానే నీలిపొగ కొండచిలువలా దిగువ పట్నాన్ని చుట్టేసింది. ఎద్దులు బెదిరి ఆగిపోయాయి. మా వీధి నా కళ్ళ ముందే మాయమైంది. పొగ పడగ ఒకటి బురుజు ఎత్తుకు లేచి, మంత్రి ముఖమై నవ్వింది.

"ఏమ్మా చెంగల్వా! నీ పిల్ల పేరు వెన్నెల కదూ? చూడు తల్లీ, నాకు ఆడవాళ్ళంటే ఎంతో గౌరవం. ఒక బండి, ఒకే ఒక బండి, నీ ఇంటి గుమ్మం దాకా ఈ క్షణమే పంపిస్తాను. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్క మాట. ఈ ముడులన్నీ అబద్ధమని మహారాజుకు వినపడేలా చెప్పు."

'సరే' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం చెప్పను. వచ్చింది.

మింగేశాను. "మంత్రిగారూ, ఇవాళ మీ మందు తాగి నా పిల్ల బతుకుతుంది. పెరుగుతుంది. అడుగునీళ్ళు తాగుతుంది. అప్పుడు దానికి జ్వరమొస్తే? దాని పేరున మోగని నగారా కోసం నేను నోరు మూసుకోవాలా? నా పిల్లకు మీ దయ అక్కర్లేదు. లెక్కలో చోటు కావాలి!"

తాత కొయ్య ఎత్తి కొట్టాడు. అప్పుడు కనిపెట్టాం. మోత పడగానే పొగ ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి జరుగుతోంది. మోత ఆగితే మళ్ళీ ముందుకొస్తోంది. అంటే మేము ఆపకూడదు.

అప్పటినించీ ఆపలేదు. ఆఖరి గవ్వ దాకా వెళ్ళి, మళ్ళీ మొదటి ముడినించి మొదలుపెడుతున్నాం. ఎద్దులు మాత్రం మెడలు దించుకుని అక్కడే మొరాయిస్తున్నాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇనుప తలుపును కిందనించి గొడ్డళ్ళతో నరుకుతున్నారు. నా వంతు అయ్యాక తాత కొయ్య అందుకున్నాడు. ఆ వ్యవధిలో ఇది రాస్తున్నాను, మొగవాళ్ళ చావులు రాయడానికి ఇక్కడ పెట్టుకున్న తాటాకుల మీద. నా చదువు గుణింతాల దగ్గరే మాన్పించారు, తప్పులుంటే సర్దుకోండి. ఆకుల కట్టను రాతికి కట్టి పొగ అవతలికి విసురుతాను. నా గురి సంగతి చెప్పానుగా.

ఇది దొరికినవాళ్ళు ఎవరైనా సరే, మీకో మాట. ఇక్కడినించి నాకు అన్నీ కనిపిస్తున్నాయి, మా ఇల్లు తప్ప. నగారా మోగినప్పుడల్లా పొగలో సందు పడుతుంది, అందులోంచి దూరండి. కుమ్మరి వీధి, ఎడమవైపు అయిదో ఇల్లు, అరుగు మీద పగిలిన బాన ఉంటుంది. ఓబులమ్మత్త అని పిలవండి. ఆమె ఒళ్ళో మా వెన్నెల ఉంటుంది. ముక్కు కింద వేలు పెట్టి చూడండి. వెంటనే తీసెయ్యకండి, అది నిద్రలో ఊపిరి నెమ్మదిగా తీస్తుంది, కొంచెం ఆగండి. వెచ్చగా తగిలితే మా ఇంటి కప్పు మీద ఎర్రగుడ్డ ఒకటి ఎగరేయండి. పొగ సందులోంచి నేను అటే చూస్తుంటాను.

తాడు చివర ఆ జానెడూ ఇంకా ఖాళీగానే ఉంది. వెళ్ళి చూసి రండి.